తొట్టిలో చదివింది లెక్కలోకి రాదు

మా టామరాక్ హార్బర్ బడిలో లైబ్రరీని ఎత్తేస్తున్నారు. ఊళ్ళో అందరికన్నా ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టవలసిన మనిషిని నేను. ఎందుకన్నది తర్వాత చెబుతాను. ముందు మీరూ కాస్త సంతోషించండి.

నిజం చెప్పండి, పుస్తకం వల్ల ఇల్లు నడిపే మనిషికి ఒరిగిందేమైనా ఉందా? దుమ్ము తుడవాలి. ఇల్లు మారితే మోయాలి. చదువుతున్న పిల్లను భోజనానికి మూడుసార్లు పిలవాలి. మూడోసారి "ఆఁ" అంటుంది గానీ రాదు. చల్లారిన పాస్టీని మళ్ళీ ఓవెన్‌లో పెట్టాలి. పైన పెంకు మాడుతుంది, లోపల బంగాళాదుంప చల్లగానే ఉంటుంది. ఈ కష్టం పుస్తకాలు రాసేవాళ్ళెవరైనా పడ్డారా?

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, పుస్తకం నోరు విప్పదు. మీ పిల్ల ఏ పేజీలో ఉందో, ఎన్ని నిమిషాలు చదివిందో, అర్థమయిందో లేదో ఎవరికీ చెప్పదు. తలుపు వేసుకున్న గదిలాంటిది పుస్తకం. లోపల పిల్ల ఒక్కతే! ఇంత ప్రమాదకరమైన వస్తువును తరతరాలుగా పసివాళ్ళ చేతుల్లో పెట్టి మనం నిశ్చింతగా కాఫీ తాగుతూ కూర్చున్నాం.

టాబ్లెట్ అలాంటిది కాదు. బడివాళ్ళు నిరుడు ప్రతి పిల్లకూ ఒకటి ఇచ్చారు. అందులో చదువుల యాప్ ఉంది. యాప్‌లో ఒక ఉడుత ఉంది. పిల్ల పేజీ తిప్పినప్పుడల్లా ఉడుత చప్పట్లు కొట్టి ఒక ఓక్ గింజ ఇస్తుంది. పేజీ తిప్పకపోతే నా ఫోనుకు కబురు పంపుతుంది: "మీ అమ్మాయి మూడు నిమిషాలుగా ముందుకు వెళ్ళడం లేదు."

ఆ మూడు నిమిషాలూ అమ్మాయి బొమ్మ చూస్తోందేమో, ఆలోచిస్తోందేమో అన్న అనుమానం ఉడుతకు రాదు. ఎంత ఆరోగ్యకరమైన మనసు!

కంపెనీతో ఒప్పందం ప్రకారం యాప్‌లోని పుస్తకం ఇరవయ్యారు మంది చదివాక దానంతట అదే మాయమైపోతుంది. అట్ట చిరగదు, జామ్ మరకలు పడవు, ఎవరి పేరూ వెనక రాసి ఉండదు. ఇరవయ్యేడో పిల్ల వచ్చి అడిగితే ఉడుత భుజాలు ఎగరేస్తుంది. సరస్సు మీదనుంచి గాలి లేచి కరెంటు తీగలు తెగినప్పుడు ఉడుత కూడా నిద్రపోతుంది. ఆ పూట పిల్లలు తల్లిదండ్రులతో మాట్లాడవలసి వస్తుంది. కుటుంబానికి ఇంతకన్నా మేలు చేసే యంత్రం ఏది?

మా ఇంటి సంగతే చెబుతాను. మా నీల్స్‌కు పన్నెండేళ్ళు. జనవరిలో వాడికి బడినుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నెలలో నాలుగువేల ఓక్ గింజలు! అగ్నిపర్వతాల మీద పదకొండు పుస్తకాలు పూర్తి! నేను దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఆ మధ్యాహ్నమే వాడి గదిలోకి బట్టలు పెట్టడానికి వెళ్ళాను. టాబ్లెట్ నేలమీద ఉంది. కుడివైపు మూలన కాస్త పీనట్ బటర్ రాసి ఉంది. మా కుక్క వాల్టర్ దాన్ని శ్రద్ధగా నాకుతోంది. నాలుక తగిలినప్పుడల్లా పేజీ తిరుగుతోంది. ఉడుత చప్పట్లు కొడుతోంది.

"ఏమిట్రా ఇది?"

"వాల్టర్ చదువుకుంటున్నాడమ్మా. మధ్యలో ఆపకు, నాలుగో తరగతి స్థాయి దాటబోతున్నాడు."

కోప్పడదామనుకున్నాను. ఆ కుక్క ముఖం చూశాక మానేశాను. నలభై నిమిషాలు కదలకుండా, పక్క చూపులు చూడకుండా చదవడం మా ఇంట్లో ఇంకెవరికి చేతనవును? మా ఆయన ఎర్ల్ మంచు తోసే బండి నడుపుతాడు. ఆయన వార్తాపత్రిక కూడా చివరిదాకా చదవలేడు. ప్రశంసాపత్రం ఫ్రిజ్ మీదే ఉంచాను. పేరు మాత్రం కొట్టేసి వాల్టర్ అని రాశాను.

మా చిన్నది హెడ్డాకు తొమ్మిదేళ్ళు. అది నెమ్మదిగా చదువుతుంది. అక్షరాలు దాన్ని చూసి చోట్లు మార్చుకుంటాయట. యాప్‌లో ముప్ఫై గింజలు దాటలేదు. అయినా ఈ శీతాకాలంలో పొద్దున్నే ఓట్‌మీల్ తింటూ ఉన్నట్టుండి మొదలుపెట్టేది.

"నాన్నా, పూర్వం దీపస్తంభంలో దీపాన్ని గోడగడియారంలాగా కీ ఇచ్చి తిప్పేవాళ్ళు తెలుసా? నాలుగు గంటలకొకసారి. మర్చిపోతే ఓడ రాయికి కొట్టుకుంటుంది."

"ఎవరు చెప్పారే?" అనేవాడు ఎర్ల్.

"ఎవరూ చెప్పలేదు."

ఉడుత చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. మనసులోనే దానికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇక లైబ్రరీ. బయటూరివాళ్ళు చదువుతారేమోనని ఒక్క మాట. మా ఊరికంతటికీ ఉన్నది ఆ ఒక్క గదే. బడిపిల్లలకే కాదు, ఊళ్ళో అందరికీ కార్డులున్నాయి. రెండువేల నూరు పుస్తకాలు. గది మధ్యలో నాలుగు సింహపు పాదాల మీద నిలబడ్డ ఇనప స్నానపు తొట్టి. రేవు దగ్గర పాత హోటల్ పడగొట్టినప్పుడు మా లైబ్రేరియన్ వెర్నా కంగాస్ దాన్ని ఎర్ల్ బండి మీద వేయించి తెచ్చింది. ఎర్ర రంగు వేసి, దిండ్లు నింపింది. మంచు మరీ ఎక్కువైతే మధ్యాహ్నం విరామం లోపలే ఇస్తారు. అప్పుడు పిల్లలు ఆ తొట్టిలో దూరి చదువుకుంటారు. ముగ్గురు పిల్లలు పడతారు. ఎర్ల్ అయితే ఒక్కడే, అదీ ఇద్దరు లాగితేగానీ బయటికి రాడు.

వెర్నా ఆ గదిలో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. మూడేళ్ళ కింద పై అధికారులు ఆమె పనిని పొద్దుటి పూటకు కుదించారు. మధ్యాహ్నాలు ఎవరైనా తల్లి జీతం లేకుండా వచ్చి చూసుకోవాలన్నారు. నేను చేయెత్తాను. నాకు చిందరవందర పడదు. ఆ సంగతి నా చెంచాల డ్రాయర్ చూసినవాళ్ళకు తెలుసు.

మొదటిరోజు వెర్నా నాకు పనంతా చూపించి, చివర్లో ఒక మాట చెప్పింది.

"తొట్టిలో వదిలేసిన పుస్తకాలు మాత్రం నువ్వు అరల్లో సర్దకు. ఆ తోపుడు ట్రాలీ మీద పడేసి వెళ్ళిపో. పొద్దున నేను చూసుకుంటా."

"అలాగే" అన్నాను.

అన్నాను గానీ, ఆ ట్రాలీని మీరు చూడాలి! ఒకదానిమీద ఒకటి, వెన్ను ఒకటి అటు, ఒకటి ఇటు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, పాపం, పొద్దున్నే వచ్చి ఇదంతా సర్దుకోవాలా? నేనే సర్దేశాను. ప్రతి పుస్తకాన్నీ దాని అరలో, దాని చోట, అంచులు సమంగా. మూడేళ్ళు రోజూ సర్దాను. ఒక్కరోజు కూడా ట్రాలీ మీద ఒక్క పుస్తకం మిగల్చలేదు. వెర్నా ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు. మొహమాటస్తురాలు అనుకున్నాను.

అదే ఏడాది మా పాఠశాలల సూపరింటెండెంట్ డాక్టర్ ప్రెస్కాట్ లైబ్రరీకి కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. పుస్తకం తీసుకెళ్ళే పిల్ల బల్ల దగ్గర కార్డు పెడుతుంది. యంత్రం బీప్ అంటుంది. బల్లపైన గోడకు బిగించిన పెద్ద తెర మీద పిల్ల పేరు, పుస్తకం పేరు, చదువు స్థాయి కనిపిస్తాయి. వయసుకు మించి చదివితే ఆకుపచ్చ. సరిగ్గా ఉంటే పసుపు. వెనకబడితే ఎరుపు. "పిల్లలకు స్ఫూర్తి" అని డాక్టర్ ప్రెస్కాట్ మాకు సెలవిచ్చారు.

స్ఫూర్తి అంటే ఇలా ఉండాలి! పెద్దవాళ్ళకూ పెట్టవలసిన ఏర్పాటు ఇది. మన వంటను కూడా చర్చి విందులో ఇలాగే తెర మీద వేస్తే ఎంత బాగుంటుంది? పేరు, తెచ్చిన వంటకం, ఎంతమంది తిన్నారు, రంగు. వచ్చే ఏడాదికి చర్చి బేస్‌మెంట్‌లో తినడానికి ఏమీ ఉండదు గానీ, బల్లలు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

మార్చిలో జాబితా వచ్చింది.

గత మూడేళ్ళలో ఎవరూ తీసుకెళ్ళినట్టుగానీ, చదివినట్టుగానీ రికార్డు లేని పుస్తకాలను సాఫ్ట్‌వేర్ ఏరి పెట్టింది. వాటిని "మృతి చెందినవి" అంటారట. పదకొండు వందల నలభై! డాక్టర్ ప్రెస్కాట్ నియమం ప్రకారం సగం పుస్తకాలు చచ్చిపోతే గది కూడా చచ్చినట్టే. దాన్ని ఆవిష్కరణల కేంద్రంగా మారుస్తారు. మెత్తటి కుర్చీలు, టాబ్లెట్లకు చార్జింగ్ పెట్టుకునే గోడ. అరలు తీసేసిన చోట పుస్తకాల బొమ్మలు అచ్చువేసిన కాగితం అంటిస్తారు. నమూనా ముక్క నేను చేత్తో తడిమి చూశాను. తోలు అట్టలు, బంగారు అక్షరాలు, ఎంత ముద్దొస్తున్నాయో! దుమ్ము పట్టదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన లైబ్రరీ అది.

చచ్చిన పుస్తకాలకు ముద్ర వేయడానికి మనిషి కావాలన్నారు. నాకన్నా ఎవరున్నారు? ఒక గురువారం మధ్యాహ్నం కూర్చున్నాను. వెర్నా కూడా జీతం లేకుండా ఆగిపోయి, ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది. నా చేతిలో రబ్బరు ముద్ర. "తొలగించబడినది." అట్ట తెరవడం, ముద్ర వేయడం, పక్కన పెట్టడం. నా ముద్ర ఒక్కటి కూడా వంకర పోలేదు.

నలభయ్యో పుస్తకమో ఏమో, చేతికి వచ్చింది. అట్ట వెన్ను ఊడింది, ఎవరో టేపు వేశారు. మన సరస్సు మీద దీపస్తంభాలు, వాటిని కాపాడిన మనుషుల గురించి. అంచులన్నీ వేళ్ళు పట్టి నల్లబడ్డాయి. మధ్యలో ఓట్‌మీల్ డబ్బానుంచి కత్తిరించిన అట్టముక్క గుర్తుగా పెట్టి ఉంది. ఆ డబ్బా మాది. మూత అంచు వంకర కత్తిరింపు చూసి ఇంట్లో అందరినీ కేకలేసింది నేనే.

గుర్తు పెట్టిన పేజీలో దీపానికి కీ ఇచ్చే యంత్రం బొమ్మ ఉంది.

జాబితా చూశాను. తీసుకెళ్ళినవారు: లేరు. చదివినవారు: లేరు.

"వెర్నా, తొట్టిలో చదివినవి ఇందులో ఎందుకు లేవు?"

"ఉండేవి. నా చేతి స్కానర్‌లో ఒక మీట ఉండేది, 'ఇక్కడే చదివినవి' అని. పొద్దున ట్రాలీ మీద ఉన్నవన్నీ దాంతో ఒకసారి బీప్ కొట్టేదాన్ని." ఆమె కప్పు కింద పెట్టింది. "మూడేళ్ళుగా రోజూ వచ్చి చూస్తే ట్రాలీ ఖాళీ. పిల్లలు చదవడం మానేశారనుకున్నా. మీట ఎవరూ వాడడం లేదని మొన్న దాన్నీ తీసేశారు. నేనేం అనలేదు. ఏమని పోట్లాడను? ఎవరికోసం?"

నేను ముద్ర బల్లమీద పెట్టాను.

"ట్రాలీ ఖాళీగా ఉంది నా వల్ల" అన్నాను. "నేనే సర్దేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"రోజూనా?"

"రోజూ."

వెర్నా తొట్టివైపు చూసింది.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళలో పుస్తకాలు చింపినవాళ్ళని చూశాను, తడిపినవాళ్ళని చూశాను. ఒకడు పాన్‌కేక్‌ని గుర్తుగా పెట్టాడు" అంది. "అంచులు సమంగా పెట్టి చంపినదానివి నువ్వొక్కదానివే."

ఇదీ నేను అందరికన్నా ముందు చప్పట్లు కొట్టవలసిన కారణం. ఆవిష్కరణల కేంద్రానికి శంకుస్థాపన చేసిన చేతులు ఇవే. రాతి మీద పేరు చెక్కిస్తే నాకు అభ్యంతరం లేదు.

ఇంటికి వచ్చి హెడ్డాను వంటింట్లో పట్టుకున్నాను. రుటబేగా దుంపల చెక్కు తీస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఆ దీపస్తంభాల పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు కదే? కార్డు ఉందిగా నీకు."

అది గిన్నెలో చెక్కులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది.

"కార్డు పెడితే పైన పడుతుందమ్మా. ఎరుపు. అందరూ చూస్తారు. రెండో తరగతిలో ఒకసారి పడింది."

"మరి తొట్టిలో?"

"తొట్టిలో ఎవరూ చూడరు. అంచు ఎత్తుగా ఉంటుంది. చిన్నగా పైకి చదువుకున్నా వినపడదు. తప్పు చదివితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవచ్చు." తల ఎత్తి అడిగింది. "ఎరుపువాళ్ళందరం అక్కడే చదువుతాం. తొట్టిని తీసేస్తారా?"

చూశారా! స్ఫూర్తి కలిగించే తెర పెట్టగానే నెమ్మదిగా చదివే పిల్లలంతా స్ఫూర్తి పొంది తొట్టిలోకి దూరారు. వాళ్ళు అక్కడ చదివిన పుస్తకాలన్నీ నేను జాడ లేకుండా సర్దేశాను. ఎక్కువగా చదివిన పుస్తకాలే ముందుగా చచ్చిపోయాయి. ఎవరూ ముట్టని పన్నుల చట్టం వివరణ మాత్రం బతికే ఉంది. పోయిన ఏడాది ఎవరో తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టడానికి కార్డు మీద తీసుకెళ్ళారు.

పోయిన సోమవారం సాయంత్రం ఆరింటికి బడి జిమ్‌లో పాలకవర్గం సమావేశం. ఏడుగురు సభ్యులు, మడత కుర్చీలు, హాకీ జోళ్ళ వాసన. ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. తర్వాత ఎర్రదీపం వెలుగుతుంది. మా ఊరికి ఎరుపంటే అంత ఇష్టం.

నేను లేచి, జాబితా తప్పని చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ట్రాలీ సంగతి చెప్పాను. ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. మిగిలిన ఒకటిన్నర నిమిషం ఏం చేయాలో తెలియక నిలబడ్డాను.

డాక్టర్ ప్రెస్కాట్ మర్యాదస్థులు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు.

"మీ నిజాయితీకి ధన్యవాదాలండీ. కానీ జాబితా తప్పు కాదు. సాఫ్ట్‌వేర్‌కి ఏం అందిందో అదే చెప్పింది."

"దానికి నేను అందించలేదు. అదే చెబుతున్నా."

"అందనిది లేనట్టే కదండీ."

"ఆ పుస్తకాలు చదివిన పిల్లలున్నారు, డాక్టర్. మా ఇంట్లో ఒకతె ఉంది."

"సంతోషం. రికార్డు ఉందా?"

"పేజీల మీద వేలిముద్రలున్నాయి."

వెనక వరసలో ఎవరో నవ్వారు. డాక్టర్ ప్రెస్కాట్ కూడా చిరునవ్వు నవ్వారు.

"చూడండి, దారి మూసుకుపోలేదు. ఈ శుక్రవారం కాదు, వచ్చే వారం శుక్రవారం సాయంత్రం నాలుగింటికి జాబితా ఖాయమవుతుంది. ఆలోపు ఎవరైనా సొంత కార్డు మీద ఒక పుస్తకం తీసుకెళ్తే అది జాబితాలోంచి దానంతట అదే పోతుంది. అందులోవి కార్డుకి ఒక్కటే ఇస్తారు. మృతులు సగంకన్నా తగ్గితే గది ఎలా ఉందో అలాగే ఉంటుంది. నియమం నియమమే." ఆయన కాగితాలు సర్దుకున్నారు. "కానీ తీసుకెళ్ళేవాళ్ళే ఉంటే ఈ పరిస్థితి వచ్చేదా, చెప్పండి?"

జిమ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎర్రదీపం వెలిగింది.

ఇంటికి వెళ్తూ లెక్క వేశాను. సగంకన్నా తగ్గాలంటే తొంభయ్యొక్క పుస్తకాలు బతకాలి.

మంగళవారం పొద్దున్నే వెర్నా దగ్గరికి వెళ్ళాను. తొంభయ్యొక్క కార్డులు ఎక్కడన్నా అరువు తెచ్చి నేనే బీప్ కొడతానన్నాను. వెర్నా కళ్ళద్దాలు తీసింది.

"చదవనివాళ్ళ పేరు మీద నేను కొట్టను."

"వెర్నా! గది పోతుంది!"

"పోతే పోనీ. అబద్ధం చెప్పి నిలబెడితే ఆ ఉడుతకీ నాకూ తేడా ఏముంది? తీసుకెళ్ళినవాళ్ళు చదవాలి. తెచ్చిచ్చినప్పుడు అడుగుతా."

ఆ మాటను నేను మా ఇంట్లో బల్ల దగ్గర ఎర్ల్‌తో చెప్పుకున్నాను. హెడ్డా అక్కడే ఉంది. మూడు పాస్టీలు తినే పిల్ల ఒకటి సగంలో వదిలేసింది.

గురువారం బయట మంచు దంచి కొట్టింది. విరామం లోపలే. లైబ్రరీ నిండా పిల్లలు. తొట్టిలో ముగ్గురు. వెర్నా మళ్ళీ జీతం లేకుండా బల్ల వెనక కూర్చుంది. నేను అరల దగ్గర, చేతులు కట్టుకుని, ఏమీ సర్దకుండా నిలబడ్డాను. అది చాలా కష్టమైన పని.

హెడ్డా తొట్టిలోంచి బయటికి వచ్చింది. చేతిలో దీపస్తంభాల పుస్తకం. అట్ట లోపల నేను వేయబోయి ఆపిన ముద్ర అక్కడ లేదు. అది బల్లదాకా నడిచింది. ఆ వరసలో బతికున్న పుస్తకాలతో ముందు ఐదుగురున్నారు. ఆరోదిగా నిలబడింది. వాళ్ళన్నయ్య నీల్స్ కూడా అక్కడే ఉన్నాడు. నేను వెళ్ళి దాన్ని పక్కకు తీసుకుందామని ఒక అడుగు వేశాను. వెర్నా నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

దాని వంతు వచ్చింది. కార్డు పెట్టింది.

బీప్.

గోడమీద తెర వెలిగింది. హెడ్డా పేరు, పుస్తకం పేరు, బల్లంత వెడల్పు ఎరుపు. వెనకనుంచి ఎవడో ఎనిమిదో తరగతివాడు "ఓ, ఎరుపు!" అన్నాడు.

"ఎరుపే" అంది హెడ్డా, వెనక్కి తిరక్కుండానే. దాని చెవులు కూడా తెరలాగే ఉన్నాయి. "ఇది నాలుగోసారి చదవడం. నీకు దీపానికి కీ ఇవ్వడం వచ్చా?"

వాడికి రాదు. ఎవరికి వస్తుంది?

నీల్స్ వాడివైపు ఒకసారి చూసి, వెళ్ళి అరలోంచి అగ్నిపర్వతాల పుస్తకం ఒకటి లాగి, వరసలో చెల్లెలి వెనక నిలబడ్డాడు. "ఇది మా కుక్క ఆల్రెడీ చదివేసింది" అన్నాడు వెర్నాతో. "నేను వెనకబడ్డాను." తర్వాత నేను కార్డు పెట్టాను. సాయంత్రం ఎర్ల్ బండి రోడ్డుమీదే ఆపి వచ్చి, తాళ్ళ ముడుల మీద ఒక పుస్తకం పట్టుకెళ్ళాడు. మా ఆయన చదువుతున్నాడు. సందేహమైతే మా ఇంటి పరదాల తాళ్ళు వచ్చి చూడండి, ఒక్కటి విప్పడం నావల్ల కావడం లేదు. వెర్నా తన కార్డు మీద ఒకటి తీసుకుంది.

జాబితాలోంచి అయిదు బతికాయి. ఇక కావలసినవి ఎనభై ఆరు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి బుధవారం అవుతుంది, గడువు శుక్రవారం నాలుగింటికి. కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఆవిష్కరణల కేంద్రం మీద మీకు గౌరవం ఉంటే, పుస్తకాల బొమ్మల కాగితం మీద ఆశ ఉంటే, రేపూ ఎల్లుండీ దయచేసి ఎవరూ లైబ్రరీకి రాకండి.

మీ కార్డు ఎక్కడుందో వెతక్కండి. పోయినా వెర్నా రెండు నిమిషాల్లో కొత్తది రాసిచ్చేస్తుంది, ఆ పెద్దావిడకు ఎందుకు శ్రమ? సరస్సువైపు పక్క తలుపు పొద్దున ఎనిమిదినుంచీ తీసే ఉంటుంది, అటు అసలే రాకండి. మెట్లమీద మంచు ఎర్ల్ తోసేశాడు గనక జారిపడతామన్న సాకు కూడా మీకు లేదు. అయినా రాకండి. చచ్చిన పుస్తకాలను గుమ్మం పక్కనే, అందరికీ అందే ఎత్తులో, బల్లమీద పరిచాం. నేను వాటిని సర్దలేదు. చూస్తే ఒకటి చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది, అందుకే చెబుతున్నాను. తెర మీద మీకు ఏ రంగు పడుతుందో నాకు తెలియదు. నాకు పసుపు పడింది, ఎర్ల్‌కు ఎరుపు. ఆ రంగు కింద నిలబడి ఆయన ఫోటో కూడా తీయించుకున్నాడు.

నా మాట వినకుండా వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు. వాళ్ళకు ఒక్క సంగతి. గది మధ్యలో ఎర్ర తొట్టి ఉంటుంది. అందులోంచి చిన్న గొంతుతో ఎవరో చదువుతున్నట్టు వినిపించవచ్చు. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టడం వినిపించవచ్చు. తొంగి చూడకండి. ఏ పేజీలో ఉందో అడక్కండి.

ఈ ఒక్కటి మాత్రం నిజంగానే అంటున్నాను.